బాబాయి ఇంట్లో పాత రూటర్: ఏ సెట్టింగులు మార్చాలి?

పాత రూటర్‌లో ముందు చూడాల్సింది భద్రత రకం. ‘వెప్’ అని ఉంటే తలుపుకు గడియ లేనట్టే. దాని లోపం 2001లోనే బయటపడింది. కనీసం 2004 నాటి డబ్ల్యూపీఏ2 ఉండాలి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇంకా మేలు గానీ, పాత టీవీ, ప్రింటర్ ఉన్న ఇంట్లో రెండూ కలిసిన మోడ్ నయం.

ఈ సెట్టింగులు తెరవడానికి రూటర్ అడుగున స్టిక్కర్ మీది చిరునామాను, చాలావాటికి 192.168.1.1, బ్రౌజర్‌లో కొట్టాలి. లాగిన్ ఇంకా ‘అడ్మిన్, అడ్మిన్’గానే ఉంటే మొదట అదే మార్చాలి, వైఫై పాస్‌వర్డ్ మార్చి దీన్ని మరిచిపోయేవారే ఎక్కువ. వైఫై పాస్‌వర్డ్‌కు 8 నుంచి 63 అక్షరాల దాకా చోటుంది. ఫోన్ నంబరో మనవడి పేరో కాకుండా, పొంతన లేని నాలుగైదు మాటలు కలిపితే పెద్దవాళ్లకూ టైపు చేయడం తేలిక. పాస్‌వర్డ్ టైపు చేయకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి. సేవ్ నొక్కగానే వైఫై తెగుతుంది కాబట్టి ఈ పనికి ల్యాన్ కేబుల్ మంచిది. తర్వాత ఫోన్లతోపాటు టీవీనీ మళ్లీ కలపాలి.