సెలైన్ చుక్కల లెక్క

పిల్లలూ! ఆసుపత్రిలో మంచం పక్కన స్టాండుకు సెలైన్ సీసా వేలాడుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. నర్సు గడియారం వంక చూస్తూ ఏదో లెక్కపెడుతుంది. గొట్టం మీది చిన్న చక్రాన్ని కాస్త తిప్పి మళ్లీ లెక్కపెడుతుంది. ఆమె లెక్కపెట్టేది చుక్కలను. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో తేల్చటానికి మీరు బడిలో నేర్చుకున్న త్రైరాశికం చాలు.

అసలు ఈ లెక్క ఎందుకు? 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణంలో కలరా ప్రబలింది. కలరా రోగి రక్తంలో నీరు, లవణాలు తగ్గిపోతాయని అంతకు కొద్ది నెలల ముందే విలియం ఓషానెస్సీ కనుగొన్నాడు. దానిని ఆధారం చేసుకుని థామస్ లట్టా అనే వైద్యుడు ఉప్పునీటిని రోగుల సిరలోకి ఎక్కించాడు. మొదటి రోగి ఒక వృద్ధురాలు. చావుబతుకుల్లో ఉన్న ఆమె చూస్తుండగానే తేరుకుంది. కాని వాంతులు, విరేచనాలు తిరిగి మొదలయ్యాయి. నీరు మళ్లీ ఎక్కించలేదు. కొన్ని గంటల్లోనే ఆమె మరణించింది. ఎంత నీరు ఎక్కించామన్నది ఒక్కటే చాలదు. ఏ వేగంతో, ఎంతసేపు ఎక్కించాలన్నదీ ముఖ్యమే.

ఇక లెక్కకు వద్దాం. చుక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. ద్రవానికి తలతన్యత ఉంటుంది గదా! అది చుక్కను గొట్టం చివర పట్టి ఉంచుతుంది. చుక్క బరువు పెరిగి ఆ పట్టును మించినప్పుడు తెగి పడుతుంది. గొట్టం చివర వెడల్పుగా ఉంటే పెద్ద చుక్క, సన్నగా ఉంటే చిన్న చుక్క పడుతుంది. అందుకే 1 మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో సెట్టు కవరు మీదే అచ్చువేస్తారు. మామూలు సెట్లలో 10, 15 లేక 20 చుక్కలు. మైక్రో సెట్టులో 60 చుక్కలు.

500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. సెట్టు 20 చుక్కలది అనుకుందాం.

మొత్తం చుక్కలు = 500 × 20 = 10,000
కాలం = 4 × 60 = 240 నిమిషాలు
నిమిషానికి = 10,000 ÷ 240 = సుమారు 42 చుక్కలు

అంటే 10 సెకండ్లకు 7 చుక్కలు. నర్సు గడియారం చూసేది ఇందుకే.

ఇప్పుడు అత్యవసర చికిత్సలో వచ్చే లెక్క చూద్దాం. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయిన రోగికి డోపమైన్ అనే మందు ఇవ్వటం కద్దు. రోగి బరువు 60 కిలోలు. కిలోకు, నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున ఇవ్వమని డాక్టరు రాశారనుకోండి. సీసాలో మందు కలిపిన ద్రవం మొత్తం 500 మి.లీ.; అందులో డోపమైన్ 200 మిల్లీగ్రాములు.

1 మిల్లీగ్రాము = 1,000 మైక్రోగ్రాములు
1 మి.లీ.లో మందు = 2,00,000 ÷ 500 = 400 మైక్రోగ్రాములు
నిమిషానికి కావలసిన మందు = 60 × 5 = 300 మైక్రోగ్రాములు
నిమిషానికి ద్రవం = 300 ÷ 400 = 0.75 మి.లీ.
మైక్రో సెట్టులో = 0.75 × 60 = 45 చుక్కలు
20 చుక్కల సెట్టులో = 0.75 × 20 = 15 చుక్కలు

ఇక్కడే జాగ్రత్త! "45 చుక్కలు" అని మాత్రమే గుర్తుంచుకుని, 20 చుక్కల సెట్టు తగిలిస్తే ఏమవుతుంది? నిమిషానికి 2.25 మి.లీ., అంటే 900 మైక్రోగ్రాములు ఎక్కుతాయి. సరిగ్గా మూడు రెట్లు! గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు రావచ్చు. చుక్కల సంఖ్య ఒక్కటే, మందు మాత్రం వేరు. పరీక్షలో ప్రమాణం రాయకపోతే ఒక మార్కు పోతుంది. ఇక్కడ ప్రాణం పోతుంది.

లెక్క కుదిరినా పని అయిపోదు. సీసా ఎత్తు మారినా, రోగి చేయి మడిచినా వేగం మారుతుంది. అందుకే నర్సు మళ్లీ మళ్లీ వచ్చి చూస్తుంది. ఇలాంటి మందులకు వీలైనచోట ఇప్పుడు విద్యుత్ పంపులు వాడుతున్నారు. అయినా పంపుకు అంకెలు చెప్పవలసింది మనిషే. రోగి పక్కనున్నవారు మాత్రం ఆ చక్రాన్ని ముట్టుకోరాదు.

చేసి చూడండి: మందుసీసాతో వచ్చే కొలత మూతలో 5 మి.లీ. గీత దాకా డ్రాపరుతో నీళ్లు నింపుతూ చుక్కలు లెక్కపెట్టండి. 5తో భాగించండి. మీ డ్రాపరు మి.లీ.కు ఎన్ని చుక్కలదో తెలుస్తుంది. మరొక డ్రాపరుతో చేసి పోల్చండి.

మీకొక లెక్క: 1 లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి. సెట్టు 15 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు?

(జవాబు: 15,000 ÷ 480 = సుమారు 31 చుక్కలు.)