ఆగిపోయిన త్రోవలో ఆగిన ప్రభువు

పాఠ్యభాగము: మార్కు 5:21–43

సంక్రాంతి ముందు దినములలో హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిమీద ప్రయాణము చేసినవారికి రద్దీ యనగా ఏమో వివరింప నక్కరలేదు. చౌటుప్పల్ మండలములోని పంతంగి టోల్‌గేటు వద్ద వాహనములు బారులు తీరుట ఏటేటా కానవచ్చిన దృశ్యము. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరియైన తరువాతను పండుగ రద్దీ పూర్తిగా తొలగలేదు. పండుగ కాని దినములలోను త్రోవ మూసికొనిపోవచ్చును. 2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ సమీపమునందలి ఐతవరము వద్ద ఈ రహదారిమీదికి నీరు వచ్చినప్పుడు రాకపోకలు గంటల తరబడి స్తంభించెను. 2024 సెప్టెంబరు ఆరంభములో అట్లే మరల జరిగెను.

అట్లు నిలిచిన వాహనములలో పండుగకు పోవువారు మాత్రమే యుండరు. ఉద్యోగపు పరీక్షకు పోవు యువకుడుండును. పాడైపోవు సరుకుతో కూర్చున్న లారీ డ్రైవరుండును. సమాధిపెట్టె మూత వేయకమునుపే తల్లి ముఖము కడసారి చూడగోరు కుమారుడుండును. అట్టివానితో “ఓర్చుకొనుము” అని పలుకుట సులభము. కాని ఆ మాట వానికి ఏ విధముగా ఆదరణ? ఈ ప్రశ్నకు సువార్తలో ప్రత్యుత్తరమున్నది. జనసమూహము నిండిన త్రోవలో, చావ సిద్ధముగానున్న బిడ్డను తలంచుకొనుచు నిలిచిన ఒక తండ్రిని మార్కు మన యెదుట నుంచుచున్నాడు.

1. ఇరుకు అను మాట

సమాజమందిరపు అధికారియైన యాయీరు ప్రభువు పాదములమీద పడి బ్రతిమాలెను. ప్రభువు అతనితోకూడ బయలుదేరెను. అంతలో జనులు ఆయనను ఇరుకున పెట్టిరి. ఇక్కడ మార్కు వాడిన గ్రీకు క్రియ “సున్‌త్లిబో”. “శ్రమ” అని తెలుగు బైబిలులో తరచుగా అనువదింపబడిన “త్లిప్సిస్” అను నామవాచకము ఈ ధాతువునుండియే పుట్టినది. నలుదెసల నుండి నొక్కబడుట దాని మూలార్థము. లూకా ఇదే సంఘటనను వ్రాయుచు మరియొక క్రియను వాడెను (8:42). అదే అధ్యాయములో ముండ్లపొదలవంటి చింతలు వాక్యమును ఊపిరాడకుండ అణచివేయుటను గూర్చి చెప్పినప్పుడు వాడినదియు ఆ క్రియయే (8:14). కనుక త్రోవలోని ఇరుకును శ్రమయని తలంచువాడు దానిని పెద్దది చేసి చెప్పుచున్నాడని ఎవరును అనరాదు.

అయితే ఆ ఇరుకును పుట్టించువారెవరు? 2008లో జపాను శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రచురించిరి. 230 మీటర్ల చుట్టుకొలతగల వలయమువంటి బాటమీద 22 కార్లను నిలిపి, ఒకే వేగముతో నడుపుడని డ్రైవర్లకు చెప్పిరి. బాటలో అడ్డమేమియు లేదు. అయినను ఒకడు కొంచెము వేగము తగ్గించగా వెనుకవాడు మరికొంత తగ్గించెను. కొంతసేపటికి కొన్ని కార్లు పూర్తిగా నిలిచి, ఆ నిలుపుదల అలవలె వెనుకకు ప్రాకెను. ప్రతి రద్దీకిని ఇదే కారణము కాదు; వరద వేరు, ప్రమాదము వేరు. అయినను రద్దీలో చిక్కుకొంటినని సణుగువాడు, తన వెనుకనున్నవానికి తానే రద్దీయని తెలిసికొనవలెను.

2. త్రోయువారు అనేకులు, తాకినది ఒక్కతె

ఆ సమూహములో పన్నెండేండ్లనుండి రక్తస్రావముగల స్త్రీ యొకతె వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రమును ముట్టెను. ఆయన నిలిచెను. తన్ను ముట్టినదెవరని అడిగెను. శిష్యులకు ఆ ప్రశ్న వింతగా తోచెను. ఇంతమంది మీద పడుచుండగా ముట్టినదెవరని అడుగుటేమని వారు తలంచిరి. వారు చూచినది గుంపును. ప్రభువు ఎరిగినది ఒక మనిషిని.

రహదారిమీద నిలిచిపోయిన ప్రయాణికునికి ఎదుటివారు వాహనములుగానే కనబడుదురు: అడ్డముగానున్న లారీ, హారను మ్రోగించు కారు, దూరవచ్చిన ఆటో. ఆ లారీలో రాత్రియంతయు కన్ను మూయని మనిషి యున్నాడని అతనికి తోచదు. ప్రభువు త్వరపడవలసిన వేళ నిలిచి, ఒక మనిషితో మాటలాడి, ఆమెను కుమార్తె యని పిలిచెను. ఆలస్యమును ప్రేమకు తావుగా మార్చుట అనగా ఇదియే.

3. ఆలస్యము నిజముగా నష్టమైనప్పుడు

ఆ స్త్రీ స్వస్థత పొందుచుండగా యాయీరు ఏమి తలంచెనో మార్కు వ్రాయలేదు. అతడు పలికిన మాట యొక్కటియు ఇక్కడ లేదు. ప్రభువు ఇంకను మాటలాడుచుండగనే ఇంటినుండి వచ్చినవారు బిడ్డ చనిపోయెనని చెప్పిరి. ఈ మాటను తొందరపడి దాటిపోరాదు. యాయీరుకు ఆలస్యము ఓర్పును నేర్పు పాఠముగా రాలేదు. అది మరణవార్తగా వచ్చెను.

ఆ క్షణమున ప్రభువు ఆలస్యమునకు కారణము చెప్పలేదు. భయపడక నమ్మికమాత్రముంచుమని చెప్పి, అతనితో మిగిలిన త్రోవ నడిచెను. ప్రతి యింటను చనిపోయిన బిడ్డ లేచునని ఈ వాక్యభాగము వాగ్దానము చేయుటలేదు. తల్లి ముఖము చూడబోయిన కుమారుడు సమాధివేళకు చేరకపోవచ్చును. అతడు తన దుఃఖమును ప్రభువు యెదుట దాచనక్కరలేదు. బేతనియలో మార్తయు మరియయు ఆయన ముందుగా వచ్చియుండవలసినదని ఆయనతోనే చెప్పిరి. ఆయన వారిని గద్దింపలేదు, కన్నీరు విడిచెను (యోహాను 11). మనుష్యులు ఆలస్యముగా చేరిన ఇంటికిని ప్రభువు వచ్చును. మరణము ఆయనను గడపవద్ద ఆపలేదు.

యాయీరు ఇంటిలో ఆయన ఇచ్చిన చివరి ఆజ్ఞలలో ఒకటి, ఆ చిన్నదానికి ఆహారము పెట్టుడనునది. అద్భుతము జరిగిన వేళను ఆకలిని మరువని ప్రభువు, త్రోవలో నిలిచినవారి ఆకలిదప్పులను గూర్చి విశ్వాసిని అడుగకుండునా?

4. విశ్వాసి నడవడి

మొదటిది, త్రోవ విడుచుట. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 అంబులెన్సు లోపల ఏ యాయీరు బిడ్డ యున్నదో బయటివారికి తెలియదు. ఎదురుదిక్కు బాటలోనికి దూరువాడు, రోడ్డు అంచును ఆక్రమించువాడు ఆ బిడ్డ త్రోవను మూయుచున్నాడు. అంబులెన్సుకు త్రోవ ఇయ్యనివానికి ఆరు నెలలవరకు ఖైదు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ప్రేమ జరిమానా కొరకు కనిపెట్టదు.

రెండవది, ప్రక్కనున్నవారిని విచారించుట. చక్కెర వ్యాధిగల వృద్ధులు మందు వేసికొని ఆహారములేక యుండుట అపాయకరము. పసిపిల్లలకు నీళ్లు కావలెను. స్త్రీలు కాలకృత్యముల ఇబ్బందిని సిగ్గుచేత నోరు తెరచి చెప్పలేరు. గుంపులో వెనుకగా వచ్చిన ఆ స్త్రీయు తన బాధను చెప్పలేకపోయినదే. అట్టివారిని గుర్తించి, తోడుపోవు మరియొక స్త్రీ ఆ త్రోవలో ప్రభువు పని చేయుచున్నది.

మూడవది, నోటిని చేతిని అదుపులో నుంచుకొనుట. హారను వరదను తగ్గింపదు. వాహనము చాలసేపు నిలిచినప్పుడు ఇంజను ఆపినచో ఇంధనము మిగులును, వెనుకవారికి పొగ తగ్గును. ఇంటికి వర్తమానము పంపి, తన కాలగతులు దేవుని చేతిలోనున్నవని ఒప్పుకొనిన కీర్తనకారునితో (31:15) కూడ ప్రార్థించుటకు ఆ గడియ చాలును.

ధ్యాన ప్రశ్నలు

1. ప్రభువు నిలిచినప్పుడు యాయీరు స్థానములో నున్నవాడు ఆ స్త్రీని ఎట్లు చూచియుండును?
2. గత ప్రయాణములో ప్రక్కనున్నవారిలో ఎవరి ముఖమైనను జ్ఞాపకమున్నదా? లేనియెడల ఎందుచేత?

ప్రార్థన

ప్రభువా, త్వరపడు త్రోవలో నిలిచి ఒక స్త్రీ మొర వినినవాడా, నిలిచిపోయిన త్రోవలో నీ బిడ్డలకు నీ కన్నులను దయచేయుము. సమయమునకు చేరలేనివారితో మిగిలిన దూరము నీవే నడువుము. ఆమేన్.