టాప్ మోడల్ షోకి వెళ్లే ముందు

మోడలింగ్ రియాలిటీ షో ఆడిషన్‌కి సిద్ధమయ్యేవాళ్లు వాక్ ప్రాక్టీస్ చేస్తారు, బరువు తగ్గుతారు, అప్పు చేసైనా పోర్ట్‌ఫోలియో తీయించుకుంటారు. అగ్రిమెంట్‌ని మాత్రం సంతకం పెట్టే రోజున, ప్రొడక్షన్ వాళ్లు ఎదురుగా కూర్చుని గడియారం చూస్తుండగా మొదటిసారి చూస్తారు. తర్వాత వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

ముందుగా మీరు చేరుతున్నది ఏ పనిలోనో తెలుసుకోండి. ప్రొడక్షన్ కంపెనీ ఛానెల్‌కి అమ్మే సరుకు ఎపిసోడ్. ఆ ఎపిసోడ్‌కి ఏడ్చేవాళ్లు కావాలి, గొడవపడేవాళ్లు కావాలి, చివరిదాకా నిలబడేవాళ్లు కావాలి. టైరా బ్యాంక్స్ నడిపిన 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్' 2003లో మొదలై 2018 దాకా 24 సీజన్లు నడిచింది. మన ఎంటీవీలో 2015లో వచ్చిన 'ఇండియాస్ నెక్స్ట్ టాప్ మోడల్' దాని అచ్చే. ఆ అమెరికా షోలో స్టోరీ విభాగంలో పనిచేసే పన్నెండు మంది తమను రచయితలుగా గుర్తించాలంటూ 2006లో సమ్మెకి దిగారు. గంటల కొద్దీ ఫుటేజీలోంచి ఎవరి కథ ఎటు నడవాలో తేల్చే పని తమదేనన్నది వాళ్ల వాదన. మీరు వెళ్లే షోలోనూ ఆ పని చేసేవాళ్లు ఉంటారు. వాళ్లు మీకు శత్రువులు కారు, స్నేహితులూ కారు. వాళ్ల ఉద్యోగం వాళ్లు చేస్తారు.

కాబట్టి కెమెరా ముందు కూర్చోబెట్టి అడిగే ప్రశ్నల దగ్గర జాగ్రత్త. "ఫలానా అమ్మాయి గెలవడానికి అర్హురాలేనా?" అని అడిగితే ఆమె పని గురించి ఒక్క వాక్యం చెప్పి ఆపండి. పొడుగ్గా చెప్పే జవాబులో ముందు ముక్క తీసేసి చివరి ముక్క వాడుకోవడం ఎడిటింగ్‌లో చాలా తేలిక. రాత్రి షూట్ అయ్యాక, నిద్ర లేనప్పుడు, ఇంటికి ఫోన్ లేక మనసు బాగోలేనప్పుడు తీసే ఇంటర్వ్యూలే ఎక్కువ హాని చేస్తాయి. "ఇప్పుడు అలిసిపోయాను, రేపు పొద్దున చెప్తాను" అనడం మర్యాద తప్పడం కాదు. మైక్ పెట్టుకుని ఉన్నంతసేపూ మీరు రికార్డింగ్‌లో ఉన్నట్టే. తోటి పోటీదారు గదిలో చెప్పుకున్న సొంత విషయం కూడా అందులోకే వస్తుంది.

మేకోవర్ గురించి వెళ్లకముందే తేల్చుకోండి. అదే అమెరికా షోలో 2006లో డానియెల్ ఎవాన్స్ అనే పోటీదారుని పళ్ల మధ్య సందుని తగ్గించుకునేలా ఒత్తిడి చేశారు. 2010లో మరో పోటీదారుకి ఉన్న సందునే ఇంకా పెద్దది చేయించారు. ఆ వారం తెరమీద ఏది పండుతుందో అదే చేశారు. జుట్టు మళ్లీ పెరుగుతుంది, పన్ను పెరగదు. జుట్టు, రంగు, మేకప్ వరకు ఒప్పుకుని, పళ్లు, చర్మం, ఇంజెక్షన్లు, శస్త్రచికిత్స లాంటివాటికి విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలని అగ్రిమెంట్‌లోనే రాయించండి. పొట్టి దుస్తులు, ఈతదుస్తులు, మరొకరితో సన్నిహితంగా తీసే షూట్‌ల విషయంలో మీ గీత ఎక్కడో కూడా అప్పుడే చెప్పండి. సెట్ మీద నలభై మంది ఎదురుచూస్తుండగా కాదనడం చాలా కష్టం.

ఇక అగ్రిమెంట్. కాపీ ఇంటికి ఇవ్వమని అడగండి, కనీసం రెండు రోజులు టైమ్ తీసుకోండి, కాంట్రాక్టులు చూసే లాయర్‌కి చూపించండి. ఆ ఫీజు మీ పోర్ట్‌ఫోలియో ఖర్చుతో పోలిస్తే చిన్నదే. గట్టిగా చదవాల్సింది ఎక్స్‌క్లూజివిటీ క్లాజు. షో అయిపోయాక ఎన్ని నెలలు వేరే బ్రాండ్‌కి, వేరే ఛానెల్‌కి పనిచేయకూడదు? ఓడిపోయి మూడో వారంలో ఇంటికి వచ్చినవాళ్లకీ అదే వర్తిస్తుందా? చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. గెలవలేదు, పని లేదు, వచ్చిన పని ఒప్పుకునే వీలూ లేదు. మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం సాధారణంగా చెల్లదు. కానీ ఒప్పందం అమల్లో ఉన్న కాలంలో పెట్టే ఎక్స్‌క్లూజివిటీని కోర్టులు చాలా సందర్భాల్లో ఒప్పుకుంటాయి. ఎలాగూ చెల్లదులే అని సంతకం పెట్టకండి. తీర్పు వచ్చేసరికి మోడల్‌గా మీకున్న మంచి ఏళ్లు అయిపోతాయి.

బహుమతిగా ఇచ్చే 'ఏజెన్సీ కాంట్రాక్ట్'నీ అలాగే చదవాలి. ఏడాదికి ఇన్ని పనులు ఇస్తామని, కనీసం ఇంత ఆదాయమని రాసి ఉందా, లేక మీకు వచ్చే ప్రతి పనిలో వాళ్ల కమిషన్ మాత్రమే రాసి ఉందా? రెండోదైతే అది మీ సంపాదనలో వాటా అడిగే కాగితం, బహుమతి అనడానికి లేదు. ఆ అమెరికా షో మొదటి విజేత ఏడ్రియన్ కరీ, చెప్పిన బ్రాండ్ ఒప్పందం తనకు ఆ రూపంలో అందలేదని తర్వాత బహిరంగంగానే చెప్పింది. వేదిక మీద ప్రకటించింది కాగితం మీద ఏ మాటల్లో ఉందో చూడండి.

డబ్బు లెక్క వేద్దాం. నగదు బహుమతి 10 లక్షలు అనుకోండి. గేమ్ షో గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అంటే 3 లక్షలు ముందే కోస్తారు. రిటర్న్ వేసేటప్పుడు సెస్ మరో 12 వేలు. చేతిలో మిగిలేది 6,88,000. మీ జీతం ఎంత తక్కువైనా ఈ ఆదాయానికి మినహాయింపు పరిమితి వర్తించదు. కారు ఇస్తే ఇంకో చిక్కు ఉంది. పన్ను కట్టిన తర్వాతే బండి మీకు అప్పగించాలి, ఆ పన్ను ఎవరు కడతారో అగ్రిమెంట్‌లో లేకపోతే కట్టేది మీరే. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. గచ్చిబౌలిలో నెలకి 45 వేల జీతంతో పనిచేసే అమ్మాయి రెండు నెలలు జీతం లేని సెలవు పెడితే 90 వేలు పోతాయి. హాస్టల్ అద్దె, ఈఎంఐ ఆగవు. బట్టలు, చెప్పులు, ప్రయాణాలు చాలావరకు తనవే. గెలిచేది ఒక్కరే కాబట్టి ఈ లెక్కని ఓడిపోతామన్న అంచనాతోనే వేయాలి. రాజీనామా చేసి వెళ్లకండి, సెలవు అడగండి. హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసి ఫైనాన్స్ రంగంలో ఉద్యోగం చేస్తూనే ఫెమినా మిస్ ఇండియా 2020 కిరీటం దాకా వెళ్లింది.

షోలో ఎంపిక చేయిస్తామని, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని వచ్చే 'కోఆర్డినేటర్ల'కి రూపాయి కూడా ఇవ్వకండి. రాత్రి పూట హోటల్ గదిలో లుక్ టెస్ట్ అంటే వెళ్లకండి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కాంట్రాక్ట్ మీద, తాత్కాలికంగా పనిచేసే మహిళలకీ వర్తిస్తుంది. ప్రొడక్షన్ కంపెనీ ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారో మొదటి రోజే అడిగి రాసుకోండి. ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లవచ్చు.

షో ముగిశాక ఫోన్లు మోగేది కొద్ది వారాలే. ఆలోగా సాదా బట్టల్లో, మేకప్ లేకుండా తీసిన డిజిటల్స్, కొలతలు, రెండు మంచి ఫొటోలతో కాంప్ కార్డ్ సిద్ధంగా ఉండాలి. షోలో కన్నీళ్లు పెట్టుకున్న క్లిప్‌కి ఎన్ని వ్యూస్ వచ్చినా క్యాస్టింగ్ డైరెక్టర్‌కి దానితో పనిలేదు. విన్నీ హార్లో 2014లో ఆ అమెరికా షోలో గెలవలేదు. తర్వాత డెసిగ్వాల్, డీజిల్ లాంటి బ్రాండ్ల పనులు చేసి, షో విజేతల్లో చాలామంది కంటే పెద్ద పేరు తెచ్చుకుంది. తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ 2013 మిస్ ఇండియా పోటీల్లో రెండో స్థానంలో నిలిచింది, మొదటి సినిమా 2016లో వచ్చింది. మధ్యలో మూడేళ్లు. ఆ మూడేళ్లు ఎలా గడుపుతారో మీ దగ్గర ప్లాన్ ఉండాలి.

మన రెండు రాష్ట్రాల్లో కొత్త మోడల్‌కి మొదట వచ్చే పని ఎక్కువగా పట్టుచీరల షోరూములు, నగల దుకాణాలు, ఆన్‌లైన్ క్యాటలాగ్‌లది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు యూసేజ్ రాయించకపోవడం. ఒక రోజు షూట్‌కి 25 వేలు తీసుకున్నారు అనుకోండి. ఏ మాధ్యమం, ఏ ప్రాంతం, ఎన్ని నెలలు అని రాయించలేదు. మీ ముఖం పంజాగుట్ట నుంచి విజయవాడ దాకా హోర్డింగుల మీద రెండేళ్లు ఉండిపోతుంది. ఆ రెండేళ్లూ పోటీ దుకాణాలు మిమ్మల్ని పిలవవు. అదే వాట్సాప్‌లో అయినా సరే, "ప్రింట్, సోషల్ మీడియా, ఆంధ్ర తెలంగాణ, ఆరు నెలలు, పొడిగిస్తే అదనపు ఫీజు" అని పంపి, సరేనన్న జవాబు తీసుకుంటే, ఏడో నెలలో అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. పేమెంట్ తేదీ కూడా ఆ మెసేజ్‌లోనే ఉండాలి.

ఈ సీజన్‌లో ఆడిషన్‌కి వెళ్తుంటే వెళ్లండి. సంతకానికి ముందు కాపీ చేతికి ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే ఆ షో వదిలేయండి.