మాట వేరు, టికెట్టు వేరు

1976లో తెనాలి ఎక్స్‌ఛేంజీలో ట్రంకు బోర్డు ముందు కూర్చునే నాటికి నాకు ఇరవై ఏళ్ళు. చెవులకు హెడ్‌సెట్టు, చేతిలో ప్లగ్గు తీగ, ఎదురుగా కన్నాల బోర్డు. "మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?" అని ఎన్ని వేలసార్లు అడిగానో లెక్కలేదు. ఇప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ని. నలభై ముగ్గురం ఉన్నాం. "పెద్దమ్మా, దీన్ని నమ్మొచ్చా, ఇంకోదాంట్లోకి పోదామా?" అని పిల్లలు అడిగినప్పుడల్లా ఆ బోర్డే కళ్ళముందుకొస్తుంది.

1. వినకపోయినా తెలుస్తుంది

ప్రతి ట్రంకు కాల్‌కీ ఒక టికెట్టు రాసేవాళ్ళం. ఏ నంబరు నుంచి, ఏ ఊరికి, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు. మామూలు కాలా, అర్జెంటా, లైట్నింగా. బిల్లు వెయ్యడానికి అది చాలు. మాటలు వినకూడదు. విన్నది బయటపెడితే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద జైలు. నేను వినలేదు. (మరీ ఒట్టు పెట్టమనకండి. లైను కలిసిందో లేదో చూడాలంటే వినే కీ వెయ్యక తప్పదు.) అయినా టికెట్లే అంతా చెప్పేవి. ఒకాయన నెలరోజులపాటు రోజూ రాత్రి తొమ్మిదింటికి గుంటూరులో ఒక ఆస్పత్రికి కాల్ బుక్ చేసేవాడు. మూడు నిమిషాలు, అంతే. ఒకరోజు తెల్లవారుజామున వరసగా ఆరు ఊళ్ళకి ఆరు లైట్నింగ్ కాల్స్ అడిగాడు. నేను కీ ముట్టుకోలేదు. చేతిలో పెన్సిలు మాత్రం కాసేపు కదల్లేదు.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టి, ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోమంది. మన మెసేజీలన్నీ చదివేస్తారంటూ ఒకటే గోల. కంపెనీ పేపర్లలో పెద్ద ప్రకటనలు వేసుకుంది, గడువు మే 15కి జరిపింది. మాటలకు రెండు చివరల తాళం (ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్) ఉందన్నమాట నిజమే, 2016 నుంచీ ఉంది. ఆ తాళం తయారుచేసింది సిగ్నల్ అనే ఇంకో మెసేజీల యాప్ వాళ్ళే కావడం వేరే తమాషా. జనం అడగాల్సింది టికెట్టు గురించి. మన నంబరు, వాడే ఫోను, ఏ వ్యాపారంతో మాట్లాడాం లాంటివి ఫేస్‌బుక్‌తో పంచుకోవడం దగ్గరుంది అసలు పేచీ. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ 213 కోట్ల జరిమానా వేసింది ఈ షరతుల వ్యవహారంలోనే. ఆ తర్వాత అప్పీళ్ళు మామూలే.

2. కోపంతో ఇల్లు మారితే గొళ్ళెం చూసుకోం

ఆ 2021 జనవరిలో చాలామంది టెలిగ్రామ్‌లోకి పరిగెత్తారు. 72 గంటల్లో రెండున్నర కోట్ల మంది కొత్తగా చేరారని ఆ సంస్థే చెప్పుకుంది. అందులో మామూలు సంభాషణలకు ఆ రెండు చివరల తాళం లేదు, 'సీక్రెట్ చాట్' అని విడిగా తెరిస్తేనే ఉంటుంది. గ్రూపులకైతే అదీ లేదు. పేరు తగినదే పెట్టుకున్నారు. ఒకప్పుడు టెలిగ్రామ్ అంటే గుమాస్తా ప్రతి మాటా లెక్కపెట్టి చదివి కొట్టేదే కదా!

3. అత్తయ్య ఎక్కడుంటే ఇల్లు అక్కడ

మా మరిది కొడుకు బెంగుళూరులో ఉంటాడు. ఆ సంక్రాంతికి వచ్చి, అందరి ఫోన్లూ లాక్కుని మమ్మల్ని సిగ్నల్‌లోకి తోలాడు. "లాభాపేక్ష లేని సంస్థ పెద్దమ్మా. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకడు, బ్రయాన్ యాక్టన్, బయటికొచ్చి దీనికి డబ్బు పెట్టాడు" అన్నాడు. నాకూ నచ్చింది. వారం తిరక్కుండా ముప్పై మంది చేరాం.

మా అత్తయ్యకి అప్పటికి ఎనభై ఆరు. చదువు రాదు, అంకెలొచ్చు. "పచ్చబొమ్మ నొక్కితే పిల్లలు కనపడతారు. నీలంబొమ్మ నాకెందుకే?" అంది. రెండుసార్లు నేర్పాను. మూడోసారి ఫోను బోర్లించి పెట్టింది. పాలతని లెక్క పచ్చబొమ్మలో, గ్యాసు బుకింగు పచ్చబొమ్మలో, ఆడపడుచు వియ్యాలవారు పచ్చబొమ్మలో. మునిమనవడు బోర్లాపడిన వీడియో వాళ్ళమ్మ ఎక్కడ పెడుతుంది? ముత్తవ్వ చూసేచోటే. దాంతో మిగతావాళ్ళూ అక్కడికే చేరారు. సంక్రాంతికి వెళ్ళినవాళ్ళం ఉగాదికల్లా తిరిగొచ్చాం.

నమ్మకం ఎవరిమటుకు వాళ్ళకి పోతుంది. కదలాలంటే మాత్రం ఊరంతా ఒకేసారి కదలాలి. ఊళ్ళో ఒక్కరింట్లోనే ఫోనుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అందులోనే మాట్లాడటం తప్ప ఏం చేస్తారు? "ఓడిపోయాం పెద్దమ్మా" అన్నాడు మావాడు. నేనలా అనుకోను. తొమ్మిది మందిమి సిగ్నల్‌లోనూ ఉన్నాం. ఆస్తి కాగితాలు, డాక్టరు చీటీలు నీలంబొమ్మలో పంపుకుంటాం.

4. మనదైనా గొళ్ళెం చూడాలి

ట్విట్టర్‌కి బదులని 2020లో వచ్చిన మన దేశపు యాప్ 'కూ' తెలుగులోనూ ఉండేది. 2024 జులైలో మూతపడింది. 2025 సెప్టెంబరులో అందరూ జోహో వారి అరట్టైకి ఎగబడ్డారు. అరట్టై అంటే తమిళంలో పిచ్చాపాటీ. ఆ రోజులకి కాల్స్‌కి తాళం ఉంది గానీ రాతలకి లేదు. నేనూ వేసుకున్నాను, బాగానే ఉంది. అత్తయ్య రాలేదు.

5. సామాను మనింట్లోనే ఉండాలి

ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న వెళ్ళిపోయింది. రచ్చబండ లాంటి సాహిత్య బృందాలు యాహూ గ్రూప్స్‌లోనే ఏళ్ళతరబడి పద్యాల మీదా పదాల మీదా పోట్లాడుకున్నాయి. అదీ 2020 డిసెంబరు 15న మూతపడింది. నా రిటైర్మెంటు ఫొటోలు ఇంకో సైటులో పోయాయి, దాని పేరెందుకు. మూసేస్తున్నామని మూడు మెయిళ్ళు పంపారు. ప్రకటన అనుకుని నేనే తెరవలేదు. చివరిరోజు సూపర్‌వైజరు నాకు దండ వేస్తున్న ఫొటో ఇంకెక్కడా లేదు.

సిగ్నల్ నుంచి తిరిగొచ్చిన ఆ ఉగాది తర్వాత, వేసవిలో ఒక లాంగ్‌బుక్కు కొని, నలభై ముగ్గురి నంబర్లూ చేత్తో రాద్దామని కూర్చున్నాను. ఫోను చార్జింగులో ఉంది. పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తయ్య తల ఎత్తకుండానే చెప్పడం మొదలెట్టింది. పన్నెండు నంబర్లు చెప్పింది. తర్వాత ఫోనులో చూసుకుంటే పన్నెండూ సరిపోయాయి.

ఒకప్పుడు తెనాలిలో సగం షావుకార్ల నంబర్లు నోటికొచ్చిన నాకు రెండే వచ్చాయి. వాటిలో ఒకటి నాదే.