మార్పు చేప: మన చెరువుల వంశధనము

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలకు దాపున రాంనగర్ చేపల అంగడి గలదు. మృగశిర కార్తె నాడు అచ్చట జనము క్రిక్కిరియును. అట్టి అంగళ్ళకు చేపలనిచ్చునవి పల్లెల చెరువులే. ఆ చెరువులలో అనాదిగా నున్న మార్పు చేపను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసియున్నది.

మాగుర్ అనియు పిలువబడు ఈ చేప నేరుగా గాలిని పీల్చగలదు. కావున నీరు తరిగిన వరిమళ్ళలోను, బురదగుంటలలోను బ్రతుకును. ఇంత గట్టి చేపయు నేడు అంతరించు ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ పట్టికలో చేరినది. గుంటలు పూడుట, మితిమీరిన వేట, ఆఫ్రికా మాగుర్ రాక ఇందుకు ముఖ్య కారణములు.

కేంద్రములలో పిల్లలను పుట్టించి వదలిన చాలదా యని కొందరడుగవచ్చును. సంఖ్య పెరుగును గాని వంశబలము పెరుగకపోవచ్చును. మార్పు చేపలలో మగదానిని కోసి బీజము తీయుట వాడుక. అందుచే కొద్ది మగచేపలతోనే పని జరుపుదురు. 48 ఆడచేపలకు 2 మగచేపలే యున్నచో, శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము ఆ 50 చేపలు సుమారు 8 చేపలతో సమానము. ఆడ, మగ 25 చొప్పున నున్నచో 50కి 50 లెక్కకు వచ్చును. ఒకే ఆంబోతును తరతరములు మందకు వాడిన దూడలు క్షీణించునట్లే, చేపల సంతతియు బలహీనమై రోగములకు లోనగును.

త్వరగా పెరుగు ఆఫ్రికా మాగుర్ తోటి చేపలను తినివేయును. దీని పెంపకమును భారత ప్రభుత్వము 2000లో నిషేధించినది. ఇది ఒక చెరువున చేరిన ఆ చెరువుతోనే ఆగదు. హుస్సేన్‌సాగర్ అలుగు నీరు అశోక్‌నగర్ మీదుగా పారి మూసీలో కలియును; మూసీ కృష్ణలో చేరును. మన గొలుసుకట్టు చెరువుల తీరును ఇదియే. ఒక ఊరి పొరపాటు దిగువ ఊళ్ళకెల్ల చేరును.

కావున మనము చేయవలసినవి ఇవి. చెరువును కౌలుకిచ్చునప్పుడు ఆఫ్రికా మాగుర్ వేయరాదని షరతు వ్రాయవలెను. చేపపిల్లలు ఎక్కడివో, ఎన్ని మగచేపల సంతతియో విచారించి, మత్స్యశాఖవారికి చూపి వదలవలెను. వానకారున మార్పు గ్రుడ్లు పెట్టు కాలమున చెరువు అంచులలోని లోతులేని నీటిలో వేట మాన్పవలెను. ఒక్క గుంటనైనను పూడ్చక నిలుపవలెను.

పోయిన సొమ్మును మరల గడింపవచ్చును. పోయిన వంశమును తేలేము.