గవర్నర్ మందగించిందా? ముందు పొగ చూడండి

ప్రియమైన తమ్ముళ్లారా,

పదో తరగతి వరకు ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. తర్వాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చేసి, ట్రాక్టర్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. మీలో కొందరు ఈ పనిలోకి రావచ్చు. అందుకే నేను చేసిన ఒక తప్పును పాఠంగా రాస్తున్నాను.

గవర్నర్ అంటే ఏమిటి?

సంగం బ్యారేజీ దగ్గర అవసరాన్ని బట్టి గేట్లు లేపుతారు, దించుతారు. ఇంజనులో డీజిల్‌కు ఆ పని చేసేది గవర్నర్. పాత ట్రాక్టర్లలో ఇది డీజిల్ పంపులోనే ఉంటుంది. ఇంజను వేగం పెరిగితే లోపలి గుండ్లు బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. బరువు పడి వేగం తగ్గితే గుండ్లు దగ్గరకు వస్తాయి, స్ప్రింగు నెట్టి డీజిల్ పెంచుతుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన గవర్నర్ సూత్రం కూడా ఇదే. మీరు సైన్సులో చదివే వృత్తాకార చలనం ఇక్కడ పనికొస్తుంది.

నా తప్పు

నేను పనిలో చేరిన కొత్తలో ఒక రైతు పాత ట్రాక్టరు దమ్ములో దిగాక అరగంటకే నీరసపడేది. యాక్సిలరేటర్ ఎంత లాగినా వేగం అందుకోదు. "గవర్నర్ పోయింది" అన్నాను. పంపు విప్పించి నెల్లూరు పంపించాం. డబ్బు ఖర్చయింది, మూడు రోజులు పోయాయి, నారు ముదిరింది. పంపు బిగించాక మళ్లీ అదే జబ్బు! చివరికి చూస్తే డీజిల్ ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం బురదతో మూసుకుపోయి ఉంది. గాలి లోపలికి పోక డీజిల్ కిందికి దిగలేదు. సూదితో పొడిస్తే బండి బాగైంది.

చూడవలసిన వరుస

1. యాక్సిలరేటర్ పూర్తిగా లాగినప్పుడు పంపు మీది లివరు చివరి స్క్రూను తాకుతోందా? తాకకపోతే రాడ్డు, కీళ్లు తుప్పు పట్టాయేమో చూడాలి.

2. బరువు మీద నల్లటి పొగ వస్తే డీజిల్ అందుతున్నట్టే. ముందుగా ఎయిర్ క్లీనర్ శుభ్రం చేయాలి.

3. పొగ లేకుండా నీరసపడితే డీజిల్ చాలడం లేదు. మూత రంధ్రం, ఫిల్టర్లు, పైపుల్లో గాలి చూడాలి.

4. ఇవన్నీ బాగున్నా, బరువు లేనప్పుడు కూడా ఇంజను శబ్దం ఎక్కుతూ దిగుతూ ఉంటే, అప్పుడు గవర్నర్‌ను అనుమానించాలి. లోపల ర్యాక్ పట్టేయడం, స్ప్రింగు బలహీనపడడం, పిన్నులు అరగడం కారణాలు కావచ్చు. అది పంపు పరీక్షించే షాపులో చేసే పని.

పంపు మీది సీలు మాత్రం తెంచవద్దు. ఇంజను హద్దు మీరి తిరిగితే ముక్కలై మనిషి ప్రాణానికే ముప్పు.

తమ్ముళ్లారా, నేను ఆ రోజు పొగ చూడలేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి అరగంటకే ఎందుకు ఆగుతోందని రైతును అడగలేదు. అడిగి ఉంటే ఆయన మూడు రోజులు మిగిలేవి. తెలియనప్పుడు అడగడం చిన్నతనం కాదు. తెలుసుకోకుండా విప్పడమే తప్పు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి