అడిగేది పూర్తిగా అడగండి!

కస్టమర్‌కు కావాల్సింది సోనా మసూరి, పాత బియ్యం, 25 కిలోల బస్తా. మీరు ఎక్సెల్ రేట్ల షీట్‌లో 'సోనా మసూరి' అని వీలుకప్ కొట్టారు. రేటు వచ్చింది. బిల్లు వెళ్లిపోయింది. తీరా చూస్తే అది కొత్త బియ్యం రేటు!

ఎందుకలా? వీలుకప్ పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, మొదట కనిపించిన సోనా మసూరి దగ్గరే ఆగిపోతుంది. మీరు అడిగింది అంతే కాబట్టి ఎర్రర్ కూడా చూపించదు.

అరకొరగా అడిగితే జవాబూ అరకొరగానే వస్తుంది. పూర్తిగా అడగడం ఒక అలవాటు. అది మీకు తప్పకుండా వస్తుంది. ఈ నాలుగు మెట్లు ఎక్కండి.

1. ముందు పెన్ను పట్టండి

కీబోర్డ్ ముట్టుకోకముందే షరతులు రాసుకోండి. రకం, పాతా కొత్తా, బస్తా సైజు. మూడూ కలిస్తేనే రేటు. ఇంత స్పష్టత వస్తే సగం పని అయిపోయినట్టే.

2. హెల్పర్ కాలమ్ పెట్టండి

రేట్ల పట్టికకు ఎడమవైపు చివర కొత్త కాలమ్ వేసి, మూడు షరతులనూ & గుర్తుతో కలపండి. మధ్యలో | పెట్టడం మర్చిపోవద్దు. అది లేకపోతే 1, 12 కలిపినా 112 వస్తుంది. 11, 2 కలిపినా 112 వస్తుంది. వెతికే మాటనూ అదే క్రమంలో కలపండి. వీలుకప్ చివర 0 పెట్టండి. అప్పుడే అచ్చంగా సరిపోయినది మాత్రమే దొరుకుతుంది.

3. ఒక మెట్టు పైకెక్కండి

మీ దగ్గర మైక్రోసాఫ్ట్ 365 గానీ, ఎక్సెల్ 2021 గానీ ఉందా? ఎక్స్‌లుకప్ వాడండి. వెతికే విలువగా 1 ఇవ్వండి. వెతికే చోట మూడు షరతులనూ వేర్వేరు బ్రాకెట్లలో రాసి * తో గుణించండి. నిజమైతే 1, కాకపోతే 0. ఒక్క షరతు తప్పినా ఆ వరుస మొత్తం సున్నా! పాత వెర్షన్ అయితే ఇండెక్స్, మ్యాచ్ కలిపి ఇదే పని చేయండి. చివర్లో కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కండి.

4. నమ్మే ముందు లెక్కపెట్టండి

సరిపోయే వరుసలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి అవే షరతులతో కౌంట్‌ఇఫ్స్ వేయండి.

• 1 వస్తే ధైర్యంగా ముందుకెళ్లండి.
• 0 వస్తే స్పెల్లింగ్ చూడండి. పేరు చివర కనిపించని స్పేస్ ఉండొచ్చు. ట్రిమ్ వాడండి.
• 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, ఒకే వరుస రెండుసార్లు ఎక్కి ఉంటుంది. లేదా మీరు ఒక షరతు వదిలేశారు. బ్రాండ్ రాశారా?

ఈరోజే మీ షీట్‌లో ఒక్క ఫార్ములా తీసుకుని ఈ పరీక్ష పెట్టండి. రేపు ఇంకొకటి. ఫైలు పంపేటప్పుడు 'ఒకసారి చూసుకోండి సార్' అనే మాట మీ నోట రావడం ఆగిపోతుంది. 'చెక్ చేశాను సార్, పంపించేయొచ్చు' అంటారు. అలా అనగలిగిన మనిషికే ఆఫీసులో పెద్ద పనులు అప్పజెబుతారు. ఆ మనిషి మీరే కావాలి. మొదలుపెట్టండి!